తాత దూకిన చప్పుడు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళకే, నాకొక నౌకరీ ఉండేది. రోజూ పొద్దు వాలే వేళకు చెరువుకట్ట మీదికి పోయి, నా తలకాయంత రాయిని ఎత్తి నీళ్ళలో పడేయడం. అంతే పని. ఆ తర్వాత ముప్పై ఏళ్ళ నుంచి బడిపంతులమ్మగా చేస్తున్నాను కానీ, అంత శ్రద్ధగా, అంత గర్వంగా, అంత దొంగతనంగా ఏ ఉద్యోగమూ చేయలేదు.

నేను ప్రతిదీ పెంచి చెబుతానని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. తలకాయంత రాయి అన్నాను, మీరు కొబ్బరికాయంత అనుకోండి. ఎక్కడ ఎంత తగ్గించుకోవాలో అంత తగ్గించుకుని చదవండి, నాకేమీ పట్టింపు లేదు.

మాది నల్లగొండకు తెల్లవారి నడక మొదలుపెడితే పొద్దుగూకేలోగా చేరేంత దూరంలో ఒక ఊరు. నిజాం రాజ్యంలో అంతకంటే రాళ్ళున్న ఊరు మరొకటి లేదు. మా ఊళ్ళో ఎవరికైనా కోపం వస్తే చేతికందే వస్తువు కోసం వెతుక్కునే పని ఉండేది కాదు, ఎటు వంగినా రాయే. ఆ రాళ్ళ నడుమ ఒక చెరువు. సముద్రం చూసినవాళ్ళు దాన్ని చెరువే అంటారు. చూడని మేము సముద్రం అనేవాళ్ళం. ఆ సముద్రానికి మా తాత నీరటి.

నీరటి అంటే చెరువు తూము తెరిచి, మూసి, ఆ నీళ్ళను కాలువ వెంట మడిమడికీ పంచేవాడు. తరతరాలుగా మా ఇంటి పని అది. పంట చేతికొచ్చినప్పుడు చెరువు కింది ప్రతి రైతూ కల్లంలో నీరటికి ఒక వరిమోపు పెట్టాలి. చెరువు కిందే ఒక చిన్న చెక్క భూమి కూడా నీరటి దున్నుకుని తినొచ్చు. నీరటితనం ఉన్నన్నాళ్ళే ఆ మోపులూ, ఆ చెక్కా. అది పోయిన రోజు అవీ పోతాయి. మా అమ్మా నాయినా షోలాపూర్ మిల్లు పనికి వెళ్ళిపోయారు కనుక, ఇంట్లో ఆ గింజల మీద బతికేది మేం ముగ్గురం. తాత, అవ్వ, నేను.

ఇప్పటి తూములకు ఇనుప చక్రాలుంటాయి, తిప్పితే మూసుకుంటాయి. మా తూము అట్లాంటి మెత్తని మనిషి కాదు. కట్ట నుంచి లోపలికి ఒక సన్నని బండల దారి, దాని చివర నీళ్ళలో రెండు రాతి స్తంభాలు, వాటి అడుగున ఒక బండకు కంత. దాన్ని తూము కన్ను అనేవాళ్ళు. ఆ కన్నుకు కట్టె బిరడా. తెరవడం పెద్ద పని కాదు, బిరడాకు కట్టిన మోకును పైనుంచి లాగితే చాలు. మూయడమే విద్య. బిరడాకు గడ్డి చుట్టి, బంకమన్ను మెత్తి, ఊపిరి బిగబట్టి నీళ్ళలోకి దూకి, అడుగున చీకట్లో తడుముకుంటూ కన్నులో దాన్ని దిగేసి, మడమతో ఒక్క తన్ను తన్ని పైకి రావాలి.

మా తాత దూకితే అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయేవి. మునిగాక ఆయన లోపల ఎంతసేపుండేవాడంటే, కట్ట మీద బిందెలు దించుకున్న ఆడవాళ్ళు ఒక పెళ్ళి కుదిర్చి, దాన్ని చెడగొట్టి, మళ్ళీ కుదిర్చేవాళ్ళు. నీరటి దూకిన చప్పుడు వినిపిస్తే చేన్లలో ఉన్నవాళ్ళు పలుగూ పారా భుజాన వేసుకునేవాళ్ళు. ఊరికి అదే సాయంత్రం గంట.

పగలంతా ఆయన కాలువ చీలేచోట నిలబడి తన నీడను తన అడుగులతోనే కొలిచేవాడు. నీడ ఇన్ని అడుగులకు వస్తే పటేలు మడి కట్టెయ్యాలి, ఇన్ని అడుగులకు పెరిగితే కొసమడికి వదలాలి. పటేలు ఇంట్లో ఒక గోడగడియారం ఉండేది కానీ, అది పటేలు చెప్పిన మాట వినేది. తాత నీడ ఎవరి మాటా వినేది కాదు. కాలువ చిట్టచివర ఒక్క మడి పెట్టుకుని బతికే ముసలమ్మకు కూడా ఆ నీడ లెక్కన నీళ్ళు అందేవి. ఆమెను అందరూ కొసమడి ముసలమ్మ అనే పిలిచేవాళ్ళు.

అట్లాంటి మా తాతకు దమ్ము పట్టుకుంది, అదే ఉబ్బసం. మాట మధ్యలో ఊపిరి ఆగిపోయేది. ఆయన గాలి పీల్చుకుంటే కమ్మరి తిత్తి నాలుగు వీధుల అవతల ఉన్నట్టు కాదు, మన ఛాతీ మీదే ఉన్నట్టు వినిపించేది. ఒకరోజు నన్ను తోడు తీసుకుని తాలూకా ఊరికి నడిచి, అక్కడి హకీం సాబుకు చూపించుకున్నాడు. హకీం సాబు ఛాతీకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, నేను నిద్రపోయాడేమో అనుకునేంతసేపు విన్నాడు. తర్వాత తాత భుజం మీద చెయ్యి వేసి, చన్నీళ్ళు ముట్టొద్దు, చలిగాలిలో తిరగొద్దు, నీళ్ళలో మునగడమన్నది ఇక ఈ జన్మకు వద్దు అన్నాడు. చేపకు చెప్పాల్సిన మాటలు కావు అవి. తాత తల ఊపి, సలాం చేసి బయటికి వచ్చాడు. తిరుగుదారిలో నాకు రెండు చేతుల నిండా చక్కెర బతాసలు కొనిపెట్టాడు.

“మీ అవ్వకు చెప్పకు బిడ్డా. కషాయం తాగుమన్నడని చెప్దాం.”

నా నోటి నిండా బతాసలున్నాయి. ఇంకేం చెబుతాను?

నా నౌకరీ ఆ మర్నాడే మొదలైంది. తాత ఒక పొడుగాటి వెదురు సంపాదించాడు. దాని కొనకు బిరడా తగిలించి, స్తంభాల మీద కూర్చుని, పైనుంచే గుడ్డిగా పొడిచి పొడిచి తూము మూసేవాడు. కానీ దూకిన చప్పుడు వినిపించకపోతే ఊరంతా కట్టెక్కి ఏమైందని అడుగుతుంది కదా? అందుకు నేను. ఆయన వెదురు తీసి గడ్డిలో దాచి, ఊఁ అనగానే నేను రాయి వేసేదాన్ని. తాత నెత్తి మీద రెండు దోసిళ్ళ నీళ్ళు చల్లుకుని, తువాలుతో తుడుచుకుంటూ కట్ట దిగేవాడు. ఎదురొచ్చినవాళ్ళు, “మూసినవా తాతా?” అంటే, “మూసిన మూసిన” అనేవాడు. నేను పక్కన దేశాన్ని గెలిచిన సుబేదారులా నడిచేదాన్ని. ఏ రాయికి ఏ చప్పుడు వస్తుందో ఆ వారంలోనే నాకు క్షుణ్ణంగా తెలిసిపోయింది. పలకరాయి వేస్తే చెంపదెబ్బలా వినిపిస్తుంది, పనికిరాదు. గుండ్రాయి వేస్తే కొంగలు కూడా నమ్మి లేచేవి. మర్నాటి రాయిని ముందురోజే ఎంచి, గడ్డిలో పక్కన పెట్టుకునేదాన్ని.

నెల తిరిగింది. యాసంగి వరి, అంటే ఎండాకాలపు పంట, ఇంకా పాలు పోసుకుంటూనే ఉంది. చెరువు చూస్తే రోజురోజుకీ కిందికి దిగుతోంది. ఎండలు ముదరకముందే, చెరువు నడుమ ఎప్పుడూ మునిగి ఉండే బండ బయటపడింది. ఆ లెక్కన గింజ గట్టిపడేలోగా నీళ్ళు అడుగంటుతాయి, అన్నిటికంటే ముందు ఎండేది కొసమడి. ఎండ తాగేసిందని కొందరు, కట్ట కింద ఎలుకలు బొక్కలు చేశాయని కొందరు అన్నారు. పటేలు మాత్రం ఒకరోజు పొద్దున్నే అందరినీ చావడి దగ్గరికి పిలిపించాడు.

పటేలు మీసాల మీద రెండు పిచ్చుకలు హాయిగా కాపురం పెట్టొచ్చు. వాటిని దువ్వుకుంటూ ఆయన జనాన్ని అడిగాడు. నీరటి రోజూ తూము మూస్తున్నాడా, మీరెవరైనా విన్నారా? అందరూ ఒకే నోటితో విన్నామన్నారు. రోజూ దూకిన చప్పుడు తమ చెవులతో విన్నామని ప్రమాణం చేసినంత పని చేశారు. ఎన్నడూ ఎవరికీ సాయం రాని మా ఎదురింటాయన కూడా, గంట కొట్టినట్టు వినిపిస్తుందని గట్టిగా సాక్ష్యం చెప్పాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది. నా పనితనం గురించి అంతమంది పెద్దలు చావడిలో మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

“మంచిది,” అన్నాడు పటేలు. “పొద్దుగూకంగ మూసిన తూము, తెల్లారేసరికి చెరువెట్ల దిగుతాంది? ఏం ముసలోడా, చీకటి పడ్డంక ఎవలకు తెరుస్తున్నవు? దిగువ ఊరోళ్ళకు నీళ్ళమ్ముకుంటున్నవా?”

ఉప్పొంగిన ఛాతీలోంచి గాలంతా పోయింది. ఊరికి నేను వినిపించిన ప్రతి చప్పుడూ మా తాతను దొంగను చేస్తోందని తొమ్మిదేళ్ళ బుర్రకు కూడా అర్థమైంది. తాత తలవంచుకుని నిలబడ్డాడు. ఒక్క మాట చెబితే చాలు, దొంగ కాదని తేలిపోతుంది. కానీ ఆ ఒక్క మాటతోనే నీరటితనం పోతుంది, చెక్క పోతుంది, కల్లంలో మోపులు పోతాయి. 

అప్పుడు మా అవ్వ ముందుకొచ్చింది. మా అవ్వ గొంతు సంగతి చెప్పాలంటే, ఆమె మా ఇంటి దగ్గర మేకను అదిలిస్తే యాదగిరిగుట్ట మీద కోతులు ఉలిక్కిపడేవి. ఆ రోజు మాత్రం చిన్నగా మాట్లాడింది.

“పటేలా, గిక్కడ కాదు. జర అందరు కట్ట మీదికి రండ్రి.”

ఊరంతా కట్టెక్కింది. తూము ముందురోజు సాయంత్రం నుంచీ మూసే ఉంది, అంటే మా తాత వెదురుతో మూసినంతవరకూ. అవ్వ తాత రెక్క పట్టుకుని తెచ్చి, పటేలు పక్కనే అందరికీ కనబడేట్టు నిలబెట్టింది. తర్వాత నా వంక తిరిగింది.

“పోరీ, నీ నౌకరీ నువ్వు చెయ్.”

ఆమెకెట్లా తెలుసు? తాత వైపు చూశాను. ఆయన తల ఎత్తకుండానే, రోజూ అన్నట్టే, ఊఁ అన్నాడు. గడ్డిలో దాచిన రాళ్ళలో మంచి గుండ్రాయి తీసి, బండల దారి మీద నడిచి వేశాను. దబేలుమంది. అవతలి ఒడ్డున కొంగలు లేచాయి.

కొసమడి ముసలమ్మే ముందుగా నోరు విప్పింది.

“గిదే సప్పుడు. నెల సంది ఇంటున్న. నిన్న జర బొద్దుగుండె.”

ఎవరో ఫక్కున నవ్వారు. అవ్వ నవ్వలేదు. “నీళ్ళల్ల దుంకినోనికి నెత్తీ తడుస్తది, గోచీ తడుస్తది. మా ఇంటాయన నెల సంది తడినెత్తితోని, పొడిగోచితోని ఇంటికొస్తుండు. ఆ గోచి ఉతికేదాన్ని నేను. నాకెరుక కాదా పటేలా? ఈన నీళ్ళమ్మలే. ఈనకు దమ్మున్నది, దుంకలేడు, గడ్డిల దాచిన వెదురుతోని, రాళ్ళతోని నెట్టుకొస్తుండు. గది చెప్పనీకె నామోషి.”

పటేలు మీసాలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి. దుంకలేనోడు నీరటి ఎట్లయితడు అన్నాడు. తన బామ్మర్ది ఉన్నాడు, గుర్రంలాంటి వాడు, ఈ రోజు నుంచీ వాడే నీరటి అన్నాడు. ఆ బామ్మర్ది అక్కడే ఉన్నాడు. తాటిచెట్టు పక్కన నిలబడితే చెట్టే వంగి దారి ఇచ్చేంత మనిషి. బావ మాట పూర్తయ్యేలోగా చొక్కా విప్పి, పాత బిరడాను మోకుతో లాగేసి, కొత్త బిరడాకు గడ్డి చుట్టుకుని దూకాడు. అది అసలైన చప్పుడు. నా గుండ్రాళ్ళన్నీ కలిపి వేసినా అట్లా రాదు. పైకి తేలి, అయిపోయిందన్నట్టు చేతులు ఊపాడు. జనం శభాష్ అన్నారు.

తాత అప్పుడు మొదటిసారి తల ఎత్తాడు. మనుషుల వైపు కాదు, నీళ్ళ వైపు. స్తంభాల నడుమ నీటి మీద ఒక చోటును చూస్తూ, “మడమతోని తన్నలే. ఇంకో తన్ను తన్నుమను” అన్నాడు.

కుర్రవాడు మళ్ళీ మునిగి, తన్ని వచ్చాడు. ఒడ్డుకొచ్చి, ఒళ్ళు తుడుచుకోకుండానే తాత దగ్గరికి వచ్చాడు.

“నిజంగనే వదులుండె తాతా. పైకెంచి నీకెట్ల తెలిసె?”

“సుడి ఆగలే బిడ్డా. కన్ను జరంత తెరిచున్నా మీద నీళ్ళు తిరుగుతయి. చిన్నగ, బొంగరం పడిపోయే ముందు తిరిగినట్లు.”

అందరూ వంగి చూశారు. నీళ్ళు అద్దంలా ఆగి ఉన్నాయి. అప్పుడు కొసమడి ముసలమ్మ అడిగిన మాట ఉంది చూశారూ, దాన్ని నేను పెంచను, తగ్గించను.

“అంటే తమ్మీ, నెల సంది ఆ సుడిని నువ్వు సూస్తనే ఉన్నవా?”

తాత ఆమె ఎదురుగా పోయి నిలబడ్డాడు. ఊపిరి అందే దాకా ఆగాడు. మేమంతా ఆగాం.

“సూస్తనే ఉన్న అక్కా. దొంగతనం చెయ్యలే. కానీ సూసి సూడనట్లున్న. ఇయ్యాల ఆగుతది, రేపు ఆగుతది అనుకున్న. నీ మడి ఎండుతదని తెలుసు. గది నా తప్పే. దుంకుడు ఇగ నాతోని కాదు.”

అని తన చేతికర్రను పటేలు బామ్మర్ది చేతిలో పెట్టబోయాడు. నీరటికి ఆ కర్రే ముద్ర, అధికారం అన్నీ. కాలువ గండి కొట్టేది, కట్టేది దానితోనే. మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం షోలాపూర్ దారి ఎటు పోతుందో అని ఆలోచన వచ్చింది.

కర్రకు అడ్డం పడింది అందరికంటే ఎక్కువ నష్టపోయిన మనిషే, కొసమడి ముసలమ్మ. “ఆగు తమ్మీ. కట్టె ఇస్తే ఇస్తివి. నా మడికి నీళ్ళెప్పుడొస్తయో గీ పిలగాడు జెప్తడా? నీడ కొలుస్తడా? ఇంట్ల వాళ్ళ బావ గడియారం సూస్తడా?”

పటేలు గుడ్లురిమాడు. దిగువ మళ్ళవాళ్ళంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ గొడవలో అందరికంటే ముందు తేలింది ఆ కుర్రవాడే. తడి నెత్తి గీరుకుంటూ, ఉన్నమాట ఉన్నట్టు చెప్పేశాడు. “బావా, నాకు దుంకుడొక్కటే వచ్చు. ఎవల మడికి ఎంతసేపో నాకేం ఎరుక? తాత జెప్తే తెరుస్త, తాత జెప్తే మూస్త. లేకుంటే మంది నన్ను బతుకనిస్తరా?”

పటేలు బామ్మర్దిని చూసిన చూపుకు చెరువు ఇంకో జానెడు దిగే ఉంటుంది. కానీ అంతమంది ముందు ఆయన ఏం అనగలడు? అక్కడే, కట్ట మీదే తీర్మానం అయిపోయింది. దూకడం కుర్రవాడిది, పంచడం తాతది. కల్లంలో నీరటికి పెట్టే మోపును రెండు చిన్న మోపులుగా కట్టాలి. చెక్క భూమి తాతకే ఉంటుంది. మా గాదె ఆ ఏడు నుంచీ సగమే నిండింది. అయినా నిండింది.

ఇంటికి పోతూ తాత అవ్వను అడిగాడు, ముందే తెలిసినదానివి ఇన్నాళ్ళు ఎందుకు అడగలేదని. “నువ్వే జెప్తవేమోనని సూసిన” అంది అవ్వ. కొంతదూరం పోయాక, “బతాసలు గూడ ఒక్కటి పెట్టలేదు నాకు” అని నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. ఆ మొట్టికాయ ఇప్పటికీ వర్షాకాలంలో నొప్పి పెడుతుంది.

కొసమడి ఆ యాసంగి పూర్తిగా ఎండలేదు, పూర్తిగా పండనూ లేదు. అయినా కల్లం రోజు ఆ ముసలమ్మ తన కొద్దిపాటి వరిలోంచి ఒక చిన్న మోపు తీసి, మా తాత ముందు పెట్టింది. ఆయన వద్దంటే, “నీళ్ళు పంచినవా లేదా?” అని కసిరింది. తాత ఆ మోపును నెత్తిన పెట్టుకోలేదు, ఛాతీకి అదుముకుని తెచ్చాడు.

తర్వాత ఎనిమిదేళ్ళు ఆయన కాలువ చీలేచోట కూర్చునే పని చేశాడు. దమ్ముతో నడుము వంగింది, వంగిన మనిషి నీడ పొట్టిదవుతుంది, అది న్యాయం కాదని, నిటారుగా ఉన్ననాటి తన ఎత్తుకు సరిగ్గా ఒక వాసం కోసి అక్కడ పాతించాడు. దాని నీడనే కొలిచేవాడు. సాయంత్రం కుర్రవాడు దూకినప్పుడల్లా అటు చెవి పెట్టి, కాస్త చిరునవ్వు, కాస్త ఇంకేదో కలిసిన ముఖంతో, సుడి ఆగిందా అని కేకేసేవాడు. ఆగింది తాతా, అని జవాబొచ్చేది. ఆయన నీళ్ళను ఎంత ప్రేమించాడో ఆ కేకలో తెలిసేది.

మొన్నీమధ్య నా గొంతు పోయింది. ముప్పై ఏళ్ళు అరిచిన గొంతు, దానికీ ఒక హద్దుంటుందని డాక్టరు చెప్పాడు. గట్టిగా మాట్లాడొద్దన్నాడు. బడిపంతులమ్మను! నేనేం చేశానో ఊహించారా? పిల్లలతో గంటకో ఎక్కం గట్టిగా చదివించాను. వరండాలో నడిచే హెడ్‌మాస్టరుకు లోపల పాఠం జోరుగా సాగుతున్నట్టు వినిపించాలి కదా. పదిహేను రోజులు అట్లా నడిపాను. ఒక మధ్యాహ్నం ముందు బెంచీలో కూర్చునే ఒక పిల్ల కూడికలో తప్పు చేసి, నా ముఖంలోకి చూసి, నేను ఏమీ చెప్పకపోయేసరికి ఆ తప్పు కిందే మరో తప్పు వేసుకుంటూ పోయింది. చూసి చూడనట్టున్నాను. సుడి తిరుగుతూనే ఉంది. అప్పుడు నా చెవిలో దబేలుమన్న చప్పుడు వినిపించింది.

ఆ సాయంత్రమే హెడ్‌మాస్టరు గదికి పోయి, ఒక కాగితం మీద ఏది చేయలేనో, ఏది చేయగలనో రాసి ఆయన ముందు పెట్టాను. ఇప్పుడు పెద్ద తరగతులు వేరేవాళ్ళు చెబుతున్నారు. నేను వెనకబడిన పిల్లలను ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని, గుసగుసగా లెక్కలు నేర్పుతున్నాను. జీతంలో కొంత తగ్గింది. గాదె నిండుతూనే ఉంది. ఆ కాగితం రాసే ధైర్యం నాది కాదు. మా అవ్వ ఉతికిన పొడిగోచిది, తప్పు ఒప్పుకోవడానికి ఊపిరి అందే దాకా ఆగిన మా తాతది, నష్టపోయీ మోపు పెట్టిన ముసలమ్మది.

ఆ రోజు కట్ట మీద అందరూ వెళ్ళిపోయాక, మర్నాటికని నేను ముందే ఎంచిపెట్టుకున్న గుండ్రాయి ఒకటి గడ్డిలో అట్లాగే మిగిలిపోయింది. దాన్ని ఒళ్ళో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు కాగితాలు ఎగిరిపోకుండా నా బల్ల మీద అదే ఉంది. ఎంత పెద్దదో చెప్పను, నేనేం చెప్పినా మీరు తగ్గించుకుంటారు. దాన్ని నీళ్ళలో వేయలేదన్నది మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోండి.